బెదురు పుంజుకు ఏ కాల్? వసంతకాలపు టర్కీ వేటలో బాక్స్, పలక, నోటి కాల్‌ల పోలిక

అడవి టర్కీల లోకంలో వసంతకాలపు రివాజు ఒకటే. పుంజు ఒక చోట నిలబడి కూస్తుంది. తోక విప్పుకుని, రెక్కలు నేలకు రాసుకుంటూ అక్కడక్కడే తిరుగుతుంది. ఆ కూత విని పెట్టలే దాని దగ్గరకు నడిచి వెళ్తాయి. వేటగాడు కోరేది దీనికి పూర్తిగా తలకిందులు. పెట్టలా పలికి, పుంజునే తన దగ్గరకు రమ్మంటాడు. రెండేళ్ల పుంజు ఆశకొద్దీ వస్తుంది. అంతకన్నా పెద్దదై, సీజన్ మొదలైనప్పటి నుంచీ ప్రతి శని ఆదివారాలు రోడ్డు వైపు నుంచి అవే అరుపులు విన్న పుంజు మాత్రం రాదు. బదులు పలుకుతుంది, అరవై డెబ్భై గజాల అవతల ఆగిపోతుంది, "కావాలంటే నువ్వే రా" అన్నట్టు నిలబడుతుంది. ఎవరూ రాకపోతే తన దారిన తాను పోతుంది.

ఇలాంటి పుంజు కోసం ఏ కాల్ (టర్కీ గొంతును అనుకరించే సాధనం) కొనాలని అడిగితే దుకాణంలో దొరికే జవాబు సగం జవాబే. అక్కడ గోడ నిండా కాల్‌లు వేలాడుతుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో మాటిస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: బెదురు పుంజుకు మెల్లగా పలకగలిగే కాలే మంచి కాల్. అందుకని మొదట కొనవలసింది పలక కాల్, తర్వాత నేర్చుకోవలసింది నోటి కాల్, గాలి వీచే రోజు కోసం సంచిలో ఉంచుకోవలసింది బాక్స్ కాల్. అయితే ఈ మూడింటిలో ఏది చేతిలో ఉన్నా, కూర్చున్న చోటు తప్పయితే ఏదీ పని చేయదు. ఆ సంగతి కాల్‌ల తర్వాత వస్తుంది.

నేను రాసేది ముఖ్యంగా జార్జియా, అలబామా, టెన్నెస్సీ, కరొలైనాల అడవుల్లో తిరిగే ఈస్టర్న్ రకం టర్కీ గురించి. టెక్సస్‌లో ఉన్నవారికి ఎక్కువగా ఎదురయ్యేది రియో గ్రాండే రకం. అది బయలు ప్రదేశాల పక్షి, రోజూ చాలా దూరం నడుస్తుంది, పిలుపుకు కొంచెం సులువుగా లొంగుతుందని పేరు. రాకీ పర్వతాల పైన్ అడవుల్లో మెర్రియమ్స్ ఉంటుంది, ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఆసియోలా ఉంటుంది. ఈస్టర్న్ పుంజును పిలవడం నేర్చుకున్నవారికి మిగతావి కష్టమనిపించవు, ఆసియోలా తప్ప.

పుంజుతో ఏం మాట్లాడాలి

కాల్‌లు పోల్చేముందు వాటితో పలికించవలసిన మాటలు తెలియాలి. పెట్ట సాధారణంగా పిలిచే పిలుపు యెల్ప్: వరుసగా అయిదారు స్వరాలు, ఒక్కొక్కటీ సన్నగా మొదలై బొంగురుగా ముగుస్తుంది. ఒంటి స్వరం క్లక్. "నేను ఇక్కడున్నాను, నువ్వెక్కడ" అన్నంత. మేస్తూ తృప్తిగా ఉన్న పక్షి లోగొంతుతో పర్ పర్ మంటుంది. తెల్లవారకముందు చెట్టు మీదే పలికే చిన్న యెల్ప్‌లు వేరు. ఉద్రేకంలో తెగిన క్లక్‌లను గబగబా విసరడాన్ని కటింగ్ అంటారు. పట్ అనేది ఒకటుంది, పదునుగా, పొడిగా ఉంటుంది. అది ప్రమాద సూచన. కొత్తవారు పలక మీద క్లక్ చేయబోయి పట్ చేస్తారు, పుంజు వెనక్కి తిరుగుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో వారికి తెలియదు.

ఈ శబ్దాలు నేర్చుకోవడానికి వేటగాళ్ల పోటీల వీడియోలకన్నా అసలు పక్షుల రికార్డింగులు మేలు. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెకాలే లైబ్రరీలో నిజమైన పెట్టల గొంతులు ఉచితంగా వినవచ్చు. వింటే ఒక విషయం అర్థమవుతుంది: పెట్టల్లోనూ శ్రుతి తప్పేవి, గొంతు బొంగురుపోయినవి బోలెడు. మీ యెల్ప్ అందంగా లేదని దిగులు అక్కర్లేదు. లయ ముఖ్యం. స్వరం కాస్త అటూ ఇటూ అయినా పుంజు మన్నిస్తుంది, లయ తప్పితే మన్నించదు.

బాక్స్ కాల్: నేర్చుకోవడం సులువు, మెల్లగా పలికించడం కష్టం

సన్నని చెక్క గోడల డబ్బా, దాని మీద ఒక కొస బిగించిన మూత. మూతను గోడ అంచు మీద రాస్తే యెల్ప్ వస్తుంది. ఈ రూపానికి ఆర్కన్సాలోని డార్డనెల్ ఊరి గిబ్సన్ 1897లో పేటెంట్ తీసుకున్నాడు, అప్పటి నుంచీ పెద్దగా మారలేదు. మారనవసరం లేకపోయింది. అయిదు నిమిషాల్లో పదేళ్ల పిల్లవాడు కూడా దీనితో టర్కీలా పలికించగలడు.

దీని బలం దూరం. గాలి వీచే ఉదయం, లేదా పుంజు ఎక్కడుందో తెలియక పెద్ద లోయ మొత్తాన్ని వెతకవలసినప్పుడు బాక్స్ కాల్‌ను మించినది లేదు. టెక్సస్ బయళ్లలో, పశ్చిమాన కొండల్లో దీనికే మొదటి స్థానం ఇస్తాను. బెదురు పుంజు దగ్గరకొచ్చాక మాత్రం ఇదే బలం బలహీనత అవుతుంది. మెల్లగా పలికించవచ్చు, కానీ మూత మీద వేలి బరువు చాలా తేలికగా పడాలి. చలికి వేళ్లు మొద్దుబారిన పొద్దున అది అంత సులభం కాదు. పైగా రెండు చేతులూ కావాలి, చేతి కదలిక పెద్దది. టర్కీ తల తిప్పకుండానే చుట్టూ ముప్పాతిక భాగం చూస్తుంది, రంగులు బాగా గుర్తుపడుతుంది. ఎదురుగా ఉన్న పుంజు ముందు బాక్స్ ఊపడమంటే చెయ్యి ఊపి పలకరించినట్టే.

తడి దీనికి శత్రువు. చెక్క తడిసినా, సుద్ద తడిసినా గొంతు పోతుంది. వాన రోజుల్లో ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు ఆ సంచిలోకే పోనిచ్చి వాయించేవారున్నారు. రాయవలసింది నూనె, మైనం కలవని సుద్ద మాత్రమే. బడిలో వాడే సుద్దల్లో కొన్నింటిలో ఇవి ఉంటాయి, ఒకసారి రాస్తే చెక్క పాడవుతుంది. నడిచేటప్పుడు మూత కదిలి కిర్రుమనకుండా ఒక రబ్బరు బ్యాండ్ వేయండి.

పలక కాల్: నా మొదటి ఎంపిక

అరచేతిలో పట్టే గుండ్రని గిన్నె లాంటి అమరిక, పైన పలకరాయి గానీ గాజు గానీ అల్యూమినియం గానీ బిగించి ఉంటుంది. దాని మీద ఒక పుల్లతో గీస్తారు. వినడానికి మామూలుగా ఉంది గానీ, పెట్ట గొంతులోని సన్నని ఛాయలన్నీ ఇందులో పలుకుతాయి. పర్ కావాలంటే పుల్లను తేలికగా ఈడ్చాలి. క్లక్ కావాలంటే చిన్న కుదుపు. యెల్ప్‌కు కొస ఎత్తకుండా చిన్న కోడిగుడ్డు ఆకారం గీయాలి. అంచు దగ్గర గీస్తే స్వరం పైకి పోతుంది, మధ్యకు జరిగితే లోతవుతుంది. ఒకే కాల్‌తో పుల్ల మార్చి రెండు పెట్టల్లా మాట్లాడవచ్చు. హికరీ పుల్ల ఒక గొంతు, పర్పుల్‌హార్ట్ కర్ర ఇంకొక గొంతు.

మూడు ఉపరితలాల్లో ఏది? బెదురు పుంజు కోసమయితే అసలు పలకరాయి. శబ్దం మెత్తగా ఉంటుంది, ఎంత నొక్కినా ఒక హద్దు దాటి అరవదు. ఈ హద్దే కొత్తవారిని కాపాడుతుంది. గాజు పదునుగా, దూరంగా వినిపిస్తుంది. గాజు కాల్‌ను మెల్లగా వాయించడం వచ్చాక అదొక్కటే చాలునేమో కూడా. అల్యూమినియం స్వరం బాగా సన్నం. గాలిలో చొచ్చుకుపోతుంది, నిశ్శబ్దమైన ఉదయం చెవికి గుచ్చుకుంటుంది. దాన్ని మూడో సంవత్సరానికి వాయిదా వేయండి.

కొత్తవారికి పలక కాల్ పలకకపోవడానికి కారణాలు ఎప్పుడూ ఆ రెండు మూడే. గిన్నెను అరచేతికి ఆనించి పట్టుకుంటారు. కింద ఉన్న రంధ్రాలు మూసుకుపోయి శబ్దం చస్తుంది. వేళ్ల కొసలతో పట్టుకోవాలి. ఉపరితలాన్ని వేలితో తాకుతారు. చర్మపు జిడ్డు అంటుకుని పుల్ల జారుతుంది. కొత్త కాల్‌ను గరుకు చేయకుండానే వాడతారు. పలకరాయికి పాత్రలు తోమే ఆకుపచ్చ పీచు చాలు, గాజుకు సాండ్‌పేపర్ కావాలి, ఒకే దిశలో రుద్దాలి, గీతలకు అడ్డంగా పుల్ల నడవాలి. పుల్ల కొసను కూడా అప్పుడప్పుడు రుద్దాలి, నున్నబడితే జారుతుంది.

దీనికీ రెండు చేతులు కావాలి, నిజమే. కానీ కదలిక మణికట్టు దాటదు. కాళ్లు ముడుచుకుని కూర్చుని, మోకాళ్ల వెనుక కాల్‌ను దాచి వాయిస్తే ముందు నుంచి ఏమీ కనిపించదు. తుపాకి ఎడమ మోకాలి మీద ముందే ఆనించి ఉండాలి. వాన విషయంలో పలకరాయి కూడా బాక్స్ లాగే మొరాయిస్తుంది. గాజు కాల్‌కు కార్బన్ పుల్ల లేదా అక్రిలిక్ పుల్ల జత చేస్తే తుంపరలో నెట్టుకురావచ్చు.

నోటి కాల్: చివరి ముప్ఫై గజాలు దీనివే

గుర్రపు డెక్క ఆకారపు చిన్న చట్రం, అందులో సాగదీసిన లేటెక్స్ పొరలు, చుట్టూ టేపు. అంగిలికి ఆనించి, నాలుకతో నొక్కి, ఛాతీ నుంచి గాలి వదిలితే పొరలు కంపిస్తాయి. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. పుంజు చెట్ల మధ్య నుంచి తల ఎత్తి చూస్తున్నప్పుడు కంటి రెప్ప తప్ప ఏమీ కదపకుండా ఒక చిన్న క్లక్ వేయగలిగేది దీనితోనే. ఎండైనా వానైనా ఒకేలా పలుకుతుంది.

ఇబ్బంది నేర్చుకోవడంలో ఉంది. మొదటి వారం వాంతి వచ్చినట్టవుతుంది, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, బాతు అరుపు తప్ప ఏమీ రాదు. కారులో ఆఫీసుకు వెళ్లే దారిలో సాధన చేయడం ఉత్తమం. దుకాణంలో నాలుగు పొరలవి, రకరకాల కోతలవి కనిపిస్తాయి. రెండు పొరలది, పలుచనిది, కోత లేనిదో చాలా చిన్న కోతదో తీసుకోండి. అంగిలి ఇరుకైనవారికి చిన్న చట్రాలు విడిగా అమ్ముతారు. ఎన్నాళ్లు ప్రయత్నించినా పక్కల నుంచి గాలి జారిపోతుంటే లోపం మీలో కాదు, కొలతలో. లేటెక్స్ పడనివారు దీని జోలికి పోకూడదు. వాడాక కడిగి, పొరల మధ్య టూత్‌పిక్ పెట్టి ఆరనిచ్చి, ఫ్రిజ్‌లో దాచితే సీజన్ పొడుగునా పనికొస్తుంది.

నోటి కాల్ సరిగ్గా రానివారు దాన్ని యెల్ప్‌ల కోసం వాడకండి. యెల్ప్‌లు పలక మీద చేయండి, నోటి కాల్‌తో క్లక్ ఒక్కటి నేర్చుకోండి. దగ్గరకొచ్చి ఆగిన పుంజుకు అది చాలు.

ఇవి కాక బటన్ నొక్కితే పలికే చిన్న చెక్క కాల్ ఒకటుంది. దాన్ని చూసి అనుభవజ్ఞులు నవ్వుతారు గానీ, క్లక్‌లకూ పర్‌లకూ అది నిజంగా పనికొస్తుంది, పిల్లలతో వెళ్లేవారికి మరీ మంచిది. టర్కీ రెక్క ఎముకలను ఒకదానిలో ఒకటి అమర్చి, గాలి పీల్చి పలికించే కాల్ వేల ఏళ్లనాటిది. స్థానిక అమెరికన్ జాతులు వాడినది. దాని గొంతు మిగతా వాటికన్నా వేరు కాబట్టి, అడవిలో అందరూ ఒకే కంపెనీ కాల్ వాయిస్తున్నప్పుడు అదొక లాభం. సాధన మాత్రం చాలా అడుగుతుంది.

ధరల సంగతి: నోటి కాల్ సుమారు పది డాలర్లు, మంచి పలక కాల్ ఇరవై నుంచి నలభై, బాక్స్ కాల్ ఇరవై నుంచి వంద దాటేదాకా. చేతిపనితో చేసిన ఖరీదైన బాక్స్ అందంగా ఉంటుంది, షోకేసులో పెట్టుకోవచ్చు. పుంజు ధర అడగదు.

గట్టిగానా, మెల్లగానా

వేటగాళ్లలో రెండు పక్షాలున్నాయి. గట్టిగా, ఎడతెగకుండా పిలిచి పుంజును రెచ్చగొట్టాలనేది ఒకటి. మూడుసార్లు పలికి ఊరుకోవాలనేది రెండోది. సీజన్ మొదటి రోజుల్లో, ప్రైవేటు భూమిలో, ఒంటరి పుంజు మీద మొదటి పద్ధతి చక్కగా పని చేస్తుంది. జనం తిరిగిన ప్రభుత్వ అడవిలో, ఏప్రిల్ మూడో వారంలో, నేను రెండో పక్షం.

పుంజు చెట్టు మీదే ఉండగా రెండు మూడు చిన్న యెల్ప్‌లు చాలు. అది బదులిచ్చిందంటే మీరెక్కడున్నారో దానికి తెలిసిపోయింది, అంగుళంతో సహా. ఇంకా పిలిస్తే ఏమవుతుంది? చెట్టు మీదే కూర్చుని, "వస్తానంటోందిగా, రానీ" అని కూస్తూనే ఉంటుంది. ఆ కూత పక్కనున్న అసలు పెట్టలు వింటాయి, అవి ముందు చేరుకుంటాయి. మీరు మౌనంగా ఉంటే దానికి సందేహం పుడుతుంది. ఆ సందేహమే దాన్ని కిందికి దింపి నడిపిస్తుంది.

పుంజు నేలకు దిగాక ఆకులు గీరండి. డబ్బు పెట్టి కొననక్కర్లేని కాల్ ఇది, బెదురు పుంజుల మీద అన్నిటికన్నా బాగా పనిచేసేది కూడా. ఎండుటాకులను చేత్తో ఒకసారి, ఆగి రెండుసార్లు గీరితే మేస్తున్న పెట్ట అడుగుల చప్పుడు అచ్చంగా వస్తుంది. మధ్యలో ఒక పర్. అంతే. ఏ వేటగాడూ రోడ్డు పక్క నుంచి ఆకులు గీరడు కనుక ఆ పుంజుకు ఈ శబ్దంతో చేదు జ్ఞాపకం ఉండదు.

మెల్లగా పిలవడానికి ఒక మినహాయింపు ఉంది. పుంజు చుట్టూ పెట్టలుంటే, దానితో మాట్లాడి లాభం లేదు. చేతిలో ఉన్నదాన్ని వదిలి అది రాదు. అప్పుడు పెట్టతో మాట్లాడాలి. గుంపులో పెత్తనం చేసే పెట్ట ఒకటి బదులు పలుకుతుంది. అది ఏమంటే అదే తిరిగి అనండి, కొంచెం గట్టిగా, అది ముగించకముందే మధ్యలో అందుకుని. దానికి ఒళ్లు మండుతుంది. ఈ కొత్తది ఎవరో తేల్చుకుందామని వస్తుంది, వెనకాలే పుంజు ఈడ్చుకుంటూ వస్తుంది. కొన్నిసార్లు ఆ పెట్ట మొత్తం గుంపును తోలుకుని ఎదుటి దిక్కుకు పోతుంది, అదీ నిజమే. పోయేదేముంది? మెల్లగా పిలిచినా అది రాదుగా.

పుంజు కూత అనుకరించే కాల్‌లు కూడా అమ్ముతారు. ప్రభుత్వ అడవిలో వాటిని వాడకండి. పుంజు వస్తుందో రాదో గానీ, తుపాకి పట్టుకున్న ఇంకొక మనిషి పొదల చాటున రావచ్చు.

కూర్చునే చోటు కాల్ కన్నా ఎందుకు ముఖ్యం

అరవై గజాల దగ్గర పుంజు ఎందుకు ఆగుతుంది? పెట్ట గొంతు వినిపించిన చోటు దానికి అక్కడి నుంచి కనిపిస్తోంది, పెట్ట కనిపించడం లేదు. అంతకన్నా నడవవలసిన అవసరం దానికి తోచదు. వేటగాళ్లు దీన్ని పుంజు మొండితనమంటారు. నా దృష్టిలో వేటగాడు కూర్చున్న చోటే తప్పు.

తెరిపి నేలలో, తిన్ననైన బాట చివర, బాగా కనిపిస్తుంది కదా అని కూర్చోకండి. మీకు దూరం నుంచి అది కనిపిస్తే, దానికీ మీ చోటు దూరం నుంచే కనిపిస్తుంది. కలప బండ్లు తిరిగే మట్టిబాట మలుపు, మిట్ట అంచు, చిన్న గట్టు వెనుక భాగం, ఇలాంటి చోట్లు వెతకండి. పెట్ట ఉందేమోనని చూడటానికి పుంజు తల ఎత్తేసరికి అది ముప్ఫై అయిదు గజాల లోపల ఉండాలి. షాట్‌గన్‌కు నలభై గజాలు దాటిన పక్షి గాయపడి పోయే పక్షి.

మీకూ పుంజుకూ మధ్య వాగు, కంచె, దట్టమైన పొద లేకుండా చూసుకోండి. టర్కీ ఎగరగలదు, అయినా వసంతంలో ప్రేమ కోసం రెక్కలు విప్పడానికి బద్ధకిస్తుంది. వాగు ఇవతల కూర్చుని గంటసేపు అద్భుతంగా పిలిచేకన్నా, వాగు దాటి వెళ్లి ఒక క్లక్ వేయడం మేలు. అది ఎటు వెళ్లాలనుకుంటుందో అటు కూర్చోవడం ఇంకా మేలు. ముందు రోజు సాయంత్రం ఎక్కడ మేసింది, ఏ బాటలో కాళ్ల గుర్తులున్నాయి, ఎక్కడి దుమ్ములో రెక్కలు ఈడ్చిన గీతలున్నాయి అన్నవి చూసినవారికి పిలవడంలో సగం పని తగ్గుతుంది.

మకాం చెట్టుకు, అంటే పుంజు రాత్రి నిద్రించే చెట్టుకు, నూరు గజాల నుంచి నూటయాభై గజాల దూరం మంచిది. ఆకులు దట్టంగా వచ్చాక ఇంకొంచెం దగ్గరకు పోవచ్చు. మరీ దగ్గరకు పోతే చీకట్లో మీ తల మీదే ఒక పెట్ట రెక్కలు కొట్టుకుంటూ లేచిపోతుంది, ఆ రోజుకు అంతే. కూర్చునే చెట్టు మీ భుజాలకన్నా వెడల్పుగా ఉండాలి. ఇది దాక్కోవడానికి కొంత, వెనుక నుంచి ఇంకొక వేటగాడి గుండు తగలకుండా కొంత. ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఎక్కడా, చేతిరుమాలులో కూడా వద్దు. పుంజు తల రంగులు అవే. ఎవరైనా మీ వైపు వస్తుంటే చెయ్యి ఊపకండి, గట్టిగా మాట్లాడండి. ఆగ్నేయ రాష్ట్రాల్లో ఆకుల మీద కూర్చునేవారు పెర్మెత్రిన్ అనే పురుగుమందు చల్లిన దుస్తులు వేసుకోవాలి. అక్కడి లోన్ స్టార్ పిడుదు కాటు వల్ల మేకమాంసం, గొడ్డుమాంసం పడని అలర్జీ వచ్చే అవకాశం ఉంది. మటన్ ప్రియులకు అది చిన్న శిక్ష కాదు.

దీమపు బొమ్మ పెట్టాలా, వద్దా

పెట్ట డెకాయ్‌లు (దీమపు బొమ్మలు), ఏడాది వయసు పుంజు డెకాయ్‌లు, తోక విప్పిన పెద్ద పుంజు డెకాయ్‌లు దొరుకుతాయి. పొలం అంచున, గడ్డి మైదానంలో అవి పనికొస్తాయి: ఎదురుగా పెట్ట కనిపించడం లేదన్న పుంజు అనుమానాన్ని అవి తీరుస్తాయి. అడవి లోపల, మలుపు చాటున కూర్చునేవారికి అక్కర్లేదు. ఇప్పటికే ఒకసారి బొమ్మను చూసి తుపాకి మోత విన్న పుంజుకు అవి హెచ్చరిక బోర్డులు. నేను పెట్టవలసివస్తే ఒక్క పెట్ట బొమ్మ, ఇరవై గజాల్లో. పెద్ద పుంజు బొమ్మ పెడితే రెండేళ్ల పుంజులు తన్నులు తినడం ఇష్టం లేక దూరం నుంచే తప్పుకుంటాయి. అలబామాలో సీజన్ మొదటి పది రోజులు డెకాయ్‌లే నిషేధం. టర్కీ తోకను ముందు పట్టుకుని పాకుతూ వెళ్లే పద్ధతిని కొన్ని రాష్ట్రాలు ప్రభుత్వ భూముల్లో కట్టడి చేశాయి, నిషేధించనిచోట కూడా అది ప్రాణాలతో చెలగాటం.

గుడ్లగూబా, కాకా

ఇవి పుంజును పిలిచే కాల్‌లు కావు, దాని చేత పలికించేవి. ఉలిక్కిపడినప్పుడు పుంజు ఆలోచించకుండా కూస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం మకాం ఎక్కాక బార్డ్ ఔల్ అనే గుడ్లగూబ అరుపు. వెలుతురు వచ్చాక కాకి అరుపు. పశ్చిమాన కొయొటీ ఊళ వాడతారు. పెట్ట గొంతుతో పుంజును వెతికితే, అది దొరికేసరికి మీరు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోకముందే అది మీ వైపు నడుస్తుంటుంది. అందుకే వెతకడానికి గుడ్లగూబ, పిలవడానికి పెట్ట. అసలు గుడ్లగూబలు అరుస్తున్న ఉదయం మీరు అరవనక్కర్లేదు, వాటి పని అవే చేస్తాయి. ఫోనులోనో స్పీకర్‌లోనో రికార్డు చేసిన టర్కీ గొంతు వినిపించడం చాలా రాష్ట్రాల్లో నేరం.

చట్టం మాట

నియమాలు రాష్ట్రానికొకటి, ఏటా మారతాయి. జార్జియా 2022లో సీజన్ ప్రారంభాన్ని ఆలస్యం చేసింది, ఒక్కొక్కరికి మూడు పుంజుల పరిమితిని రెండుకు తగ్గించింది, ప్రభుత్వ భూముల్లో వారం ఆలస్యంగా తెరుస్తోంది. ఆగ్నేయంలో పక్షుల సంఖ్య తగ్గడమే కారణం. జార్జియాలో వేటాడిన పుంజును 24 గంటల్లో నమోదు చేయాలి. కొన్ని రాష్ట్రాల్లో మధ్యాహ్నానికే వేట ఆపాలి. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటు చేతుల్లో ఉంది కాబట్టి డాలస్, హ్యూస్టన్ వారికి అనుమతి సంపాదించడమే మొదటి వేట.

మనవారిలో చాలామంది హెచ్1బి మీద ఉంటారు కనుక ఒక మాట. వలసేతర వీసా ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకి కాసేపు పట్టుకోవడం కూడా ఈ చట్టం పరిధిలోకి రావచ్చు. గ్రీన్‌కార్డును పణంగా పెట్టేంత విలువైన పుంజు ఏదీ లేదు, ముందు లాయరును అడగండి. తుపాకి లేకుండా కెమెరాతో వెళ్లి పిలిచేవారికి ఈ బాధ లేదు, పిలవడంలోని సరదా అంతా వారికీ దక్కుతుంది. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం. ఊరికి వెళ్లినప్పుడు ఈ విద్యను కౌజు పిట్టల మీద ప్రయోగించాలన్న ఆలోచన రానివ్వకండి.

వంట గురించి అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. థాంక్స్‌గివింగ్ పక్షిలా మొత్తంగా ఓవెన్‌లో పెడితే అడవి టర్కీ పీచుగా మారుతుంది. ఛాతీ మాంసాన్ని పలుచగా కోసి వేపుడు చేయండి. నడిచి నడిచి గట్టిపడ్డ కాళ్లు, తొడలు కుక్కర్‌కే. నాలుగైదు విజిళ్లు అదనంగా రానివ్వండి.

తెల్లవారుజామునా, పది గంటలకా

అందరూ చీకట్లో లేచి వెళ్తారు, చెట్టు దిగే పుంజు మీదే ఆశ పెట్టుకుంటారు, ఎనిమిదిన్నరకు అడవి మూగబోగానే కారెక్కుతారు. బెదురు పుంజుకు అసలు సమయం అప్పుడే మొదలవుతుంది. పొద్దున దానితో ఉన్న పెట్టలు గుడ్డు పెట్టడానికి ఒక్కొక్కటే గూటికి జారుకుంటాయి. పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టేదాకా ఇది రోజూ జరుగుతుంది, ఆ తర్వాత 28 రోజులు పొదగడానికి కూర్చుంటుంది. అందుకే సీజన్ ముదిరేకొద్దీ ఒంటరి పుంజుల సంఖ్య పెరుగుతుంది. నిద్రకు ఆగలేనివారు ఒక్క పూటే ఎంచుకోవాలంటే, సీజన్ రెండో సగంలో తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం వరకు ఎంచుకోవచ్చు. తెల్లవారుజామున వినే కూతల ఆనందం పోతుంది, విజయావకాశం పోదు.

ఈ వేళ వచ్చే పుంజు చాలాసార్లు కూయకుండా వస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయిందంటే వెళ్లిపోయిందని అర్థం కాదు, నడుస్తోందనీ కావచ్చు. లేచి చూద్దామనుకునే ముందు ఇంకొక ముప్పావు గంట కూర్చోండి. వేటగాళ్లు పోగొట్టుకున్న పుంజుల్లో ఎక్కువ భాగం లేచి నిలబడినప్పుడు పోయినవే.

కదలాలా, కూర్చోవాలా అన్నది ఇలా తేల్చుకోండి. పుంజు ఒకే చోట నుంచి కూస్తూ గంట గడిచినా జరగకపోతే, చోటు మార్చండి; దాని వైపు తిన్నగా కాక, పెద్ద చుట్టు తిరిగి ఎత్తువైపు నుంచి రండి, కొత్త చోటు నుంచి వేరే కాల్‌తో పలకండి. దాని గొంతు దూరమవుతుంటే వెంటపడకండి, అది నడిచే వేగం మీకు రాదు. పెట్టలతో కలిసి కొండ అవతలికి పోతే అప్పటికి వదిలేయండి. పోయి ఏదైనా తిని, పదిన్నరకు తిరిగి వచ్చి, పొద్దున అది రెక్కలు ఈడ్చుకుంటూ తిరిగిన చోటికి ముప్ఫై గజాల ఇవతల చెట్టుకు ఆనుకుని కూర్చోండి. పలక మీద రెండు క్లక్‌లు వేసి కాల్‌ను ఆకుల మీద పెట్టేయండి. ఇరవై నిమిషాలయ్యాక ఇంకొక రెండు.